ఇల్లు మారాలా, ఉండాలా: దేవుని నడిపింపు కోసం ఎలా కనిపెట్టుకుని ఉండాలి

మేము హైదరాబాద్ వచ్చి 14 ఏళ్లయింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నది ఆరో అద్దె ఇల్లు. మా ఇంట్లో శుక్రవారం ప్రార్థన కూడికకు వచ్చేవాళ్లూ మాలాగే ఊళ్లు విడిచి వచ్చినవాళ్లు. తరచూ చెప్పే ప్రార్థన అవసరత ఒక్కటే: "అక్కా, ఇల్లు మారమంటారా, ఉండమంటారా?" వాళ్ల చేత నేను చేయించేది ఇది.

సంఖ్యాకాండం 9వ అధ్యాయం, 15 నుంచి 23 వచనాలు, మూడు రోజులు వరుసగా పైకి చదవండి. అరణ్య ప్రయాణంలో దేవుని సన్నిధికి గుర్తుగా ఉన్న మేఘం మందిరం మీద నుంచి లేస్తే ఇశ్రాయేలీయులు బయలుదేరారు, నిలిస్తే దిగారు. 21, 22 వచనాల దగ్గర తొందరపడవద్దు. మేఘం సాయంత్రం నిలిచి ఉదయానికే లేచిన రోజులున్నాయి. రాత్రి దిగగొట్టిన మేకులు తెల్లవారగానే పీకాలి. చంటిపిల్లను నిద్రపుచ్చిన తల్లికి అది ఎంత కష్టం! రెండు రోజులు, నెల, ఏడాది కదలకుండా నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఉండిపోవడమే విధేయత. మనం కదలమంటేనే నడిపింపు అనుకుంటాం.

డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసుకున్న, ఒక బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డును పట్టుకుని మాత్రం ఇల్లు ఖాళీ చేయకండి. ఆ వచనం దేవుని మాటే, కానీ అది ఉన్న అధ్యాయం మొత్తం చదవాలి.

తర్వాత, ఆ చోటు తెలిసినవాళ్లను అడగండి. ఇది అవిశ్వాసం కాదు. పైన మేఘం ఉండగానే మోషే తన అత్తింటి బంధువు హోబాబును బతిమాలాడు: అరణ్యంలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, మాకు కన్నులుగా ఉండు అని (సంఖ్యాకాండం 10:31). కాబట్టి వేసవిలో నీళ్లు వస్తాయా, రాత్రి పదింటికి బస్సు దొరుకుతుందా అని ఆ వీధిలోని కిరాణా కొట్లో అడగండి.

తలుపు మూసుకుపోతే ఏడవండి, తప్పులేదు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో, ఆసియలో (నేటి టర్కీలోని ఒక ప్రాంతం) వాక్యం చెప్పకుండా, పక్కనున్న బితూనియకు వెళ్లకుండా ఆత్మ ఆపాకే అపొస్తలుడైన పౌలు త్రోయ పట్టణానికి వచ్చాడు. మాసిదోనియకు రమ్మనే పిలుపు అక్కడ దర్శనంలో అందింది. రెండేళ్ల క్రితం మా ఆయన పని పటాన్‌చెరుకు మారింది. అక్కడ ఇల్లు చూసి అడ్వాన్సు తీసుకుని వెళ్తే, ఆ ఉదయమే వేరేవాళ్లకు ఇచ్చేశారు. డబ్బున్న కవరు ఒళ్లో పెట్టుకుని బస్సులో దారంతా ఏడ్చాను. కారణం ఇప్పటికీ తెలియదు. ఉప్పల్ నుంచే అంత దూరం పనికి వెళ్లాలి కాబట్టి మా ఆయన నాలుగున్నరకు లేస్తారు. టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఇద్దరం ప్రార్థిస్తాం. మేఘం ఇంకా ఇక్కడే ఉందని నమ్ముతున్నాను.

వెళ్లే సమయమే వస్తే, కొత్త ఇంట్లో మూటలు విప్పకముందే ఖాళీ గదిలో అందరూ నేల మీద కూర్చోండి. ఇశ్రాయేలీయుల పాళెం నడుమ దేవుని మందిరమైన ప్రత్యక్షపు గుడారం ఉండేది; మన ఇంటి నడుమా ముందు ఆయనకే చోటు. 121వ కీర్తన పిల్లల చేత చదివించండి. తర్వాత స్టవ్వు వెలిగించి పాలు పొంగించి, ముందు పక్కింటివాళ్లకు ఒక గ్లాసు ఇచ్చి రండి.