షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే మరమ్మతు) పనులకు ముందు: పడిపోయినవాడి కోసం ట్యాంకులోకి దిగకండి

గత వారం ఒక ఫ్యాక్టరీలో మురుగునీటి సంపులోకి దిగిన కాంట్రాక్టు కార్మికుడు నిచ్చెన చివరి మెట్టు దగ్గరే కుప్పకూలాడు. పైనున్న తోటివాడు "అన్నా" అని అరుస్తూ దిగబోతే ఇద్దరు అతన్ని గట్టిగా పట్టి ఆపారు. పడిపోయినవాడి నడుముకు తాడు ఉంది కాబట్టి పైకి లాగగలిగారు. ఇద్దరూ బతికారు. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా జి.రాగంపేటలో అలా జరగలేదు. నూనె ట్యాంకు శుభ్రం చేయడానికి ఒకరి తర్వాత ఒకరు దిగి ఏడుగురు చనిపోయారు.

హెల్మెట్, బూట్ల సంగతి గేటు దగ్గర బోర్డే చెబుతుంది. నేను చెప్పేది ఒక్కటే: పడిపోయినవాడిని చూసి మీరు దిగకండి. మూసి ఉన్న చోట్ల చనిపోతున్నవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో (రసాయనాలు కలిపే పెద్ద పాత్రలో) వాసన ఉండదు, దగ్గు రాదు. రెండు మూడు శ్వాసల్లో స్పృహ పోతుంది. సంపుల్లోని హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే గ్యాసు పోయిందని కాదు. ఊపిరి బిగబట్టి లాక్కొస్తాననుకుంటారు. మనిషి బరువు ఎత్తగానే ఊపిరి పీల్చక తప్పదు.

"ఐదు నిమిషాల పనే, దిగు" అనే మాటతోనే ఇదంతా మొదలవుతుంది. పని ఆపమన్న కార్మికుణ్ణి అందరి ముందూ ఒక్కసారి కసిరితే ఆ షిఫ్టులో మళ్లీ ఎవరూ నోరు విప్పరు. ఎన్నో చోట్ల చూశాను. దిగే ముందు లోపలి గ్యాసు పరీక్ష చేసి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేదంటే శ్వాస పరికరం, బెల్టు, బయట ఒకరి చేతిలో తాడు కొస ఉండాలని 2025 దాకా అమలైన 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఉండేది.

మేనేజర్లూ, సూపర్‌వైజర్లూ, ఇవి మీకు:

- పర్మిట్ (లోపలికి దిగే అనుమతి పత్రం) మీద ట్యాంకు దగ్గర నిలబడి సంతకం చేయండి. టేబుల్ దగ్గర కాదు.
- వాల్వు మూస్తే చాలదు, కారుతుంది. లైను విడదీయండి, లేదా బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే పలక) వేయండి.
- గ్యాసు మీటరుతో పైన, మధ్యలో, అడుగున చూడండి. కొన్ని గ్యాసులు అడుగునే పేరుకుంటాయి.
- భోజనం తర్వాత మళ్లీ పరీక్ష.
- లోపలి దీపం 24 వోల్టులు దాటకూడదు.
- దుమ్ము మాస్కు ఆక్సిజన్ ఇవ్వదు. ఇవ్వదు!
- ఊపిరి ఆడడానికి ఆక్సిజన్ సిలిండరు తెరవకండి. మంటలు లేస్తాయి.
- పైన కాపలా ఉన్నవాడిని టీకి పంపకండి, స్పానర్ తెమ్మనకండి.
- అతనికి మొదటి ఆజ్ఞ: దిగకు. కేక వెయ్యి, తాడు లాగు, శ్వాస పరికరం ఉన్నవారిని పిలువు. దిగకు.
- నిన్న చేరిన కుర్రాడికి అతని భాషలోనే చెప్పండి. ఒడియా, హిందీ, ఏదైనా సరే.
- ఈ రోజే 70 కిలోల ఇసుక బస్తాకు తాడు కట్టి మ్యాన్‌హోల్ గుండా పైకి లాగి చూడండి. రాకపోతే రేపు అందులోకి ఎవరినీ దించకండి.