కెన్యా ఆసుపత్రిలో నర్సింగ్ వాలంటీర్‌గా ఎలా పనిచేయాలి?

కెన్యా వార్డుల్లో మూడు విడతలు పనిచేశాను. ప్రయాణానికి అన్నీ సర్దుకుని వచ్చి, మొదటి రోజే తెలియని పనికి చెయ్యి పెట్టేసేవాళ్లను ప్రతిసారీ చూశాను. ఇక చూడలేక, వెళ్లాలనుకునే నర్సింగ్ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను.

1. కనీసం ఆరు వారాలు ఉండాలి. రెండు వారాలకైతే అసలు వెళ్లొద్దు. మీకు వార్డు చూపించడానికే అక్కడి సిస్టర్ల సమయం అయిపోతుంది.

2. లెవల్ 4 (సబ్-కౌంటీ స్థాయి) ఆసుపత్రినే ఎంచుకోండి. డిస్పెన్సరీ లెవల్ 2, నైరోబీలోని కెన్యాట్టా నేషనల్ ఆసుపత్రి లెవల్ 6. అంత పెద్ద చోట వాళ్ల విద్యార్థులే మంచం చుట్టూ నిండిపోతారు. 2013 నుంచి లెవల్ 4 ప్రభుత్వ ఆసుపత్రులు కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి కాబట్టి మీ కాలేజీ ద్వారా కౌంటీ ఆరోగ్య శాఖకే రాయండి. ప్యాకేజీ అమ్మే ఏజెంటు సఫారీ కలిపి ఇస్తాడు. వార్డులో మిమ్మల్ని ఎవరు చూసుకుంటారో మాత్రం చెప్పడు.

3. కాగితాలు, టీకాలు. నర్సుగా చేయాలంటే కెన్యా నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి. టూరిస్టు ఈటీఏతో (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) వార్డులోకి వెళ్లకండి, ఏ ఇమ్మిగ్రేషన్ పాస్ కావాలో ఆసుపత్రి చేత రాయించుకోండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. హెపటైటిస్ బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

4. అసలు కష్టం ఇక్కడే: చేయకూడనిది చేయకుండా ఉండటం.

స్టాఫ్ తక్కువ, పేషెంట్లు ఎక్కువ. అలసిపోయిన సిస్టర్ "నువ్వు చేసెయ్" అంటుంది. ఇక్కడ మన దేశంలో మీకు అనుమతి లేని పనికి అక్కడా అనుమతి లేదు, ఎవరు చెప్పినా సరే. ఒకసారి బాలింతల వార్డులో నా పక్కనున్న విద్యార్థిని ఒక తల్లికి కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టబోయింది. మూడుసార్లు గుచ్చింది, మూడూ పాడయ్యాయి. ఆ సైజువి ట్రేలో అవే ఆఖరివి. సిస్టర్ పక్క వార్డుకు పరుగెత్తి అడిగి తెచ్చేదాకా ఆ తల్లి వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఒక్క మాట అనలేదు. మనకు ప్రాక్టీసు అనిపించింది ఆ వార్డుకు ఆ రోజు స్టాక్.

అందుకే మొదటి రోజే ఇన్‌చార్జితో కూర్చుని రెండు జాబితాలు రాయించుకోండి: నేను ఒక్కదాన్నే చేసేవి, సిస్టర్ పక్కన ఉంటేనే చేసేవి. బీపీ, టెంపరేచర్, చార్టు మొదటి దాంట్లో. ఇంజెక్షన్, కాన్యులా, డ్రెస్సింగ్ రెండో దాంట్లో. కాన్పు, కుట్లు ఏ జాబితాలోనూ ఉండవు. మొదటి వారమంతా చూడటమే. అడిగితే "నేను స్టూడెంట్‌ని, మీరు పక్కన ఉంటే చేస్తాను" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. పేషెంటును తాకే ముందు అనుమతి అడగండి. నొప్పితో ఉన్న ఆడవాళ్లతో అక్కడి స్వాహిలీ భాషలో "పోలే, మామా" అనండి. మన "అయ్యో, అమ్మా" లాంటి మాట అది. ఫోన్ లాకర్‌లోనే ఉండాలి.

5. సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, ఆ నిమిషమే ఇన్‌చార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. సిగ్గుపడి డ్యూటీ అయ్యేదాకా ఆగకండి.