చిన్న ఫ్రెంచ్ ఊరి గురించి తెలుగులో వ్యాసం రాయడం ఎలా: రొక్ఫోర్ ఉదాహరణగా

తిరుపతిలో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న పిల్లలు గానీ, తెలుగులో విజ్ఞాన వ్యాసాలు రాయాలని పూనుకున్నవారు గానీ ఫ్రాన్సులోని ఏదో ఒక చిన్న ఊరి గురించి రాసుకొచ్చినప్పుడు, ఆ కాగితాలు చదివే పని తరచుగా నా మీద పడుతూ ఉంటుంది. వాటిలో చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: ఊరు ఏ జిల్లాలో ఉంది, విస్తీర్ణం ఎంత, జనాభా ఎంత, చర్చి ఏ శతాబ్దం నాటిది, అంతటితో సరి. చెప్పినదంతా నిజమే అయినా చదివినవారి కళ్ళ ముందు ఊరు నిలవదు. ఆ ఊరి పేరు తీసేసి మరో ఊరి పేరు పెట్టినా వ్యాసానికి ఏ లోటూ రాదు. చిన్న ఊరి గురించి రాసేటప్పుడు నేలతో మొదలుపెట్టి, ఆ నేల వల్ల అక్కడ ఏమి జరిగిందో, ఈ రోజుకూ అక్కడివారు ఎలా బ్రతుకుతున్నారో ఒకే తాడు పట్టుకుని చెప్పుకుపోవాలని నా నమ్మకం. అది ఎలా చేయవచ్చో రొక్ఫోర్-సూర్-సుల్జోఁ అనే కమ్యూన్‌ను ముందు పెట్టుకుని వివరిస్తాను. దక్షిణ ఫ్రాన్సులో వెయ్యి మంది కూడా లేని ఊరు అది. అయినా దాని పేరు మోసే గొర్రెపాల చీజ్ ప్రపంచమంతటా అమ్ముడుపోతుంది.

ముందుగా కమ్యూన్ అనే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. ఫ్రాన్సు పాలనలో అన్నిటికంటే కింది మెట్టు కమ్యూన్. విప్లవం వచ్చిన ఏడాదే, 1789 డిసెంబరు 14 నాటి చట్టంతో ఈ ఏర్పాటు మొదలైంది. నేడు దాదాపు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి, వాటిలో సగానికి పైగా ఐదు వందల మంది కూడా లేనివి. అయితే పారిస్ నగరం కూడా చట్టం దృష్టిలో ఒక కమ్యూనే. అందువల్ల 'గ్రామ పంచాయతీ' అని అనువదిస్తే సగమే సరిపోతుంది. కమ్యూన్ అనే మాటను అలాగే ఉంచి, మొదటి వాక్యంలోనే దాని అర్థం చెప్పడం మేలు. మేయరును మన సర్పంచితో పోల్చవచ్చు గానీ, అక్కడ ప్రజలు ఆరేళ్ళకొకసారి మండలి సభ్యులను ఎన్నుకుంటారు, ఆ సభ్యులు తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకుంటారు. చట్టప్రకారం చెల్లే పెళ్ళి మేయరు ఎదుట, కమ్యూన్ కార్యాలయంలోనే జరగాలి; చర్చిలో జరిగే తంతు దాని తరువాతే. ఈ మాట మనకు మరీ కొత్తది కూడా కాదు. ఫ్రెంచ్ వారి ఏలుబడిలో యానాం ఒక కమ్యూన్‌గా ఉండేది, పుదుచ్చేరి పల్లెల్లో ఈనాటికీ 'కమ్యూన్ పంచాయతీ' అనే వ్యవస్థ నడుస్తోంది. తిరుపతి నుంచి పుదుచ్చేరి వెళ్ళేవారు విల్లియనూరు, బాహూరు వైపు ఆ పేరున్న కార్యాలయాలను స్వయంగా చూసి రావచ్చు.

తరువాతి పని పేరును సరిగా రాయడం. ఫ్రెంచ్‌లో పదం చివరి హల్లు చాలాసార్లు పలకదు కనుక, 'రోక్‌ఫోర్ట్' అని ఇంగ్లీషు అక్షరాలను చూసి రాయకూడదు. ఆ దగ్గరలోని పెద్ద ఊరి పేరును మన పిల్లలు 'మిల్లౌ' అని రాస్తారు, అక్కడివారు దానిని 'మియో' అంటారు. రాయడానికి ముందు అక్కడివారు పలికినది ఒక్కసారైనా విని తీరాలి. పేరులోనే భూగోళం దాగి ఉంటుందని కూడా గమనించాలి. 'సూర్' అంటే 'మీద' అని అర్థం. సుల్జోఁ అనే వాగు ఒడ్డున ఉన్న ఊరు కనుక ఆ పేరు వచ్చింది. ఒకే పేరుతో అనేక ఊళ్ళు ఉన్న దేశంలో వాగు పేరు చేర్చి గుర్తుపట్టడం, మనం పల్లె పేరు పక్కన మండలం పేరు చెప్పడం లాంటిదే. ఫ్రాన్సులో రొక్ఫోర్ అనే పేరున్న ఊళ్ళు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నేను తొలిరోజుల్లో ఒక ఊరి జనాభాను మరో ఊరికి అంటగట్టి రాశాను, ఆ తప్పు చాలాకాలం అలాగే నిలిచిపోయింది. అప్పటి నుంచి ఫ్రెంచ్ గణాంక సంస్థ ప్రతి కమ్యూన్‌కు ఇచ్చే ఐదంకెల సంఖ్యను ముందు చూసుకుని గానీ ఏ అంకే ఎత్తి రాయడం లేదు. ప్రధాన భూభాగంలో ఆ సంఖ్యలోని మొదటి రెండు గుర్తులు జిల్లాను తెలుపుతాయి. రొక్ఫోర్ ఉన్న అవేరోఁ జిల్లాది 12.

జిల్లా, ప్రాంతం పేర్ల విషయంలో మనవారికి ఒక సౌలభ్యం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడిన తరువాత, పాత పుస్తకాల్లో 'చిత్తూరు జిల్లా, చంద్రగిరి' అని కనబడితే దానిని ఎలా చదువుకోవాలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడా అంతే. 2016 జనవరి 1న ప్రాంతాలను కలిపివేసినప్పుడు, మిది-పిరెనే అనే పాత ప్రాంతంలో ఉన్న రొక్ఫోర్ నేటి ఒక్సితనీలోకి వచ్చింది. పాత ఆధారంలో పాత పేరు ఉంటే అది తప్పు కాదు, ఆ కాలానికి అది సరైనదే.

ఇక నేల. వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది కనుక ఎక్కువ సమయం దీని మీదే పెట్టాలి. ఫ్రెంచ్ ప్రభుత్వ పటాల సంస్థ తన పటాలను అంతర్జాలంలో అందరికీ ఉచితంగా తెరిచి ఉంచింది. అందులో ఊరిని వెతికి, ఎత్తుపల్లాలు తెలిపే గీతలను చూస్తూ కనీసం ఒక గంట గడపాలి. పద్దెనిమిదో శతాబ్దంలో కసీనీ కుటుంబం తయారుచేసిన దేశ పటాన్ని కూడా దాని మీద పరచి చూడవచ్చు. దారి ఎటు మారిందో, ఏ పల్లె అప్పటికే ఉందో అందులో తెలుస్తుంది. రొక్ఫోర్‌ను ఇలా చూస్తే ఊరు మైదానంలో లేదని, కొంబలూ అనే సున్నపురాతి కొండ అంచుకు అతుక్కుని ఉందని వెంటనే కనిపెడతాము. పూర్వం ఎప్పుడో ఆ కొండ అంచు విరిగి కిందికి జారింది. అలా పడిన బండల గుట్ట సుమారు 2 కిలోమీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పున పరుచుకుంది. బండకూ బండకూ మధ్య మిగిలిన ఖాళీలే గుహలయ్యాయి, రాతిలో పడిన నిలువు పగుళ్ళు గాలి దారులయ్యాయి. ఈ పగుళ్ళను అక్కడివారు 'ఫ్లెరీన్' అంటారు.

ఈ దృశ్యాన్ని మన పాఠకుడికి చూపడం ఎలా? అలిపిరి దగ్గర నిలబడి తల ఎత్తితే, తిరుమల కొండ పైభాగాన గోడ కట్టినట్టు నిట్టనిలువుగా ఎర్రటి రాతి వరుస కనబడుతుంది, దాని కింద చెట్లతో కప్పబడిన ఏటవాలు ఉంటుంది. ఆ గోడలో ఒక పొడవాటి ముక్క విరిగి ఏటవాలు మీద కూలిందనుకోండి, ఆ బండల గుట్ట మీదనే ఇళ్ళు కట్టుకున్నారనుకోండి. రొక్ఫోర్ రూపం మనసుకు వస్తుంది. అయితే మన కొండ పైభాగం గట్టి క్వార్ట్‌జైటు రాయి, అక్కడిది నీరు సులువుగా కరిగించే సున్నపురాయి. పోలిక ఆకారానికే గానీ రాతికి కాదని అదే వాక్యంలో చెప్పాలి. పోలిక పెట్టడం ఎంత అవసరమో, అది ఎక్కడ ఆగుతుందో చూపడం అంతే అవసరం.

ఆ పగుళ్ళ గుండా ఏడాది పొడవునా చల్లని, తేమగల గాలి గుహల్లోకి వీస్తుంది. అవేరోఁ ఎండాకాలం ఎంత మండినా, లోపల సుమారు 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చెక్క బల్లల మీద వరుసగా నిలబెట్టిన తెల్లటి చీజ్ బిళ్ళలు, ఒక్కొక్కటి రెండున్నర నుంచి మూడు కిలోల బరువు, ఈ గాలిలో మాగుతాయి. బిళ్ళలకు ముందే సూదులతో సన్నని రంధ్రాలు పొడుస్తారు, గాలి ఆ రంధ్రాల్లోకి చేరితేనే లోపలి బూజు నీలిపచ్చ చారలుగా పెరుగుతుంది. 'పెనిసిలియం రొక్ఫోర్టి' అని శాస్త్రజ్ఞులు ఆ బూజుకు ఊరి పేరే పెట్టారు. కొండ విరిగిపడడం, గాలి, బూజు, చీజ్ అనే ఈ వరుస దొరికిందంటే వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే.

చరిత్రను తేదీల పట్టికగా కాకుండా ఈ వెన్నెముకకే తగిలించుకుంటూ పోవాలి. 1411లో ఆరవ చార్లెస్ రాజు ఈ గుహల్లో చీజ్ మాగబెట్టే హక్కు రొక్ఫోర్ వారికే చెందుతుందని పత్రం ఇచ్చాడు. 1666లో తులూజ్ న్యాయసభ నకిలీ సరుకు అమ్మేవారిని శిక్షించమని తీర్పునిచ్చింది. 1925లో ప్రత్యేక చట్టంతో, పుట్టిన చోటు పేరుకు రక్షణ పొందిన మొదటి ఫ్రెంచ్ చీజ్ ఇదే అయింది. 1961లో మియో న్యాయస్థానం, కొంబలూ గుహల్లో మాగినదానికే ఆ పేరు చెల్లుతుందని తేల్చింది. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి తెలిసినవారికి ఈ తీర్పుల అర్థం విడిగా చెప్పవలసిన పని లేదు. గొర్రెల కాపరి ఒకడు రొట్టె, పాలవిరుగు గుహలో మరచిపోయి, కొన్నాళ్ళకు వచ్చి చూస్తే చీజ్ అయిందనే కథ ప్రతి చోటా కనబడుతుంది. దానిని విడిచిపెట్టనక్కరలేదు, కానీ కథను కథగానే చెప్పాలి.

నిన్నమొన్నటి చరిత్ర కూడా ఈ దారిలోనే వస్తుంది. ఊరికి తూర్పున ఉన్న లార్జాక్ పీఠభూమిలో సైనిక శిబిరాన్ని విస్తరిస్తామని 1971లో ప్రభుత్వం ప్రకటించినప్పుడు, రొక్ఫోర్‌కు పాలు పోసే గొర్రెల రైతులు పదేళ్ళపాటు ఎదురు నిలిచారు. 1981లో మితెరాఁ అధ్యక్షుడయ్యాక ఆ పథకం రద్దయింది. 1999లో అమెరికా ఈ చీజ్ మీద నూరు శాతం సుంకం వేసినప్పుడు, మియోలో కడుతున్న అమెరికన్ ఫాస్ట్‌ఫుడ్ దుకాణాన్ని రైతు నాయకుడు జొజే బొవే, ఆయన తోటి రైతులు విప్పదీసి నిరసన తెలిపారు. మరోవైపు, మియో దగ్గర 2004లో తెరిచిన 343 మీటర్ల ఎత్తైన వంతెనను మాత్రం నేను ఈ వ్యాసంలో చేర్చను. ఎంత గొప్పదైనా అది రొక్ఫోర్ కథలోకి రాదు.

స్థానిక జీవనం రాసేటప్పుడు పండుగల పేర్లతో సరిపెట్టకుండా, పని ఎవరు చేసేవారో ముందు అడగాలి. గుహల్లో బిళ్ళలకు ఉప్పు పట్టించి, గీకి, తిప్పి, చుట్టిపెట్టినది చాలావరకు ఆడవాళ్ళు. వారిని 'కబనియేర్' అనేవారు. చలిలో, తేమలో వారు పడిన శ్రమను ఒక్క పేరాలోనైనా చెప్పని రొక్ఫోర్ వ్యాసం అసంపూర్ణమని నేను అంటాను. ఇక ఏ చిన్న కమ్యూన్‌లోనైనా వెతకవలసినవి కొన్ని ఉన్నాయి. కార్యాలయం ముందు గానీ చర్చి పక్కన గానీ 1914–1918 యుద్ధంలో చనిపోయిన ఆ ఊరివారి పేర్లు చెక్కిన రాయి ఉంటుంది, నవంబరు 11న దాని ముందు పూలు ఉంచుతారు. ఆ పేర్లను లెక్కపెడితే, ఇంత చిన్న ఊరు ఎంతమందిని పోగొట్టుకుందో తెలుస్తుంది. చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుచేసిన 1905 చట్టానికి ముందు కట్టిన ఊరి చర్చి భవనం చాలా చోట్ల కమ్యూన్ ఆస్తే, దాని మరమ్మతు ఖర్చు మండలి లెక్కల్లో కనబడుతుంది. 1792 నుంచి జనన, వివాహ, మరణాల పుస్తకాలు కమ్యూన్ చేతిలో ఉన్నాయి. జిల్లా దస్తావేజుల కేంద్రాలు చాలావరకు వాటిని చిత్రాలుగా తీసి ఉచితంగా చూపుతున్నాయి. చేతిరాత చదవడం కష్టమే గానీ, వృత్తి రాసిన చోట మాత్రం చూసినా ఊరు ఏ పని మీద బ్రతికిందో తెలిసిపోతుంది. జనాభా అంకె రాసినప్పుడల్లా పక్కన సంవత్సరం తప్పక రాయాలి, చిన్న కమ్యూన్లలో లెక్కింపు ఐదేళ్ళకొకసారే జరుగుతుంది.

మాటల ఎంపికలో ఒక్క హెచ్చరిక చాలా ముఖ్యం. చీజ్‌ను 'జున్ను' అని అనువదించే అలవాటు నిఘంటువుల వల్ల వచ్చింది. చిత్తూరు పల్లెల్లో జున్ను అంటే ఆవు ఈనిన తొలి రోజుల పాలతో, బెల్లం, యాలకులు వేసి వండేది. 'గుహలో మాగిన జున్ను' అని చదివినవారికి వింతగా తోస్తుంది తప్ప విషయం అందదు. చీజ్ అని రాస్తేనే మంచిది. అలాగే బూజు అనే మాటకు వెనుకాడి 'ఔషధ శిలీంధ్రం' వంటి మాటలు కల్పించకూడదు. బూజు అనే రాసి, దానిని కావాలనే పెంచుతారని ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.

వ్యాసం పూర్తయ్యాక ఫ్రాన్సు సంగతి ఏమీ తెలియని ఒకరికి పైకి చదివి వినిపించాలి, వారు ఎక్కడ ప్రశ్న వేస్తే అక్కడ జవాబు చేర్చాలి. నేను రొక్ఫోర్ వ్యాసాన్ని కార్వేటినగరం దగ్గర మా అత్తమ్మగారికి చదివి వినిపించాను. నలభై ఏళ్ళు పాలకేంద్రానికి పాలు పోసిన మనిషి ఆమె. రాజుల పత్రాల దగ్గర ఆమె ఏమీ అనలేదు. పాల మాట రాగానే, "గొర్రె ఈనిన ఎన్నాళ్ళకు ఆ పాలు తీసుకుంటారు నాయనా?" అని అడిగారు. నేను రాయలేదు. వెతికితే, ఈనిన తరువాత కనీసం 20 రోజులు గడిచిన గొర్రెల పాలనే రొక్ఫోర్‌కు వాడాలని నిబంధన ఉందని తెలిసింది. "అయితే జున్నుపాలు పిల్లకే వదిలేస్తారన్నమాట," అన్నారామె. ఆ నిబంధనను గుహల పేరాకు ముందు, గొర్రెల మందలు మొదటిసారి కనబడే చోట చేర్చాను.