స్టెరాయిడ్‌కి లొంగని కంటి నరం వాపు: మందుల షాపు అన్నయ్య మాట

పాలకొల్లులో నాది మందుల షాపు. మా చెల్లికి ఈ జబ్బొచ్చాక నేర్చుకున్నవి చెబుతున్నాను.

మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కించినా ఎదుటి మనిషి వేళ్ళు లెక్కపెట్టలేకపోతుంటే, ఇంటికెళ్ళి ఎదురుచూడొద్దు. ప్లాస్మా మార్పిడి గురించి డాక్టరుగారిని అడగండి. మెడ దగ్గర గొట్టం పెట్టి రక్తంలోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం తీసేసి, బదులు ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రవం ఎక్కిస్తారు. మామూలుగా రోజు మార్చి రోజు, 5 నుంచి 7 సార్లు. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. అయితే కంటి నరం మీద దాడిచేసే ఆక్వాపోరిన్-4, మాగ్ అనే రెండు రకాల యాంటీబాడీల పరీక్షలకి రక్తం ముందే ఇచ్చేయాలి. ప్లాస్మాతోపాటు యాంటీబాడీలూ పోతాయి కాబట్టి, తర్వాత ఇస్తే ఉన్న జబ్బు కూడా లేదని రావచ్చు.

ఆక్వాపోరిన్ పాజిటివ్ అయితే మళ్ళీ రావడం ఖాయమన్నట్టే చూసి, మొదటిసారికే ఇమ్యూనిటీని అణిచే మందు దీర్ఘకాలానికి మొదలుపెడతారు. మాగ్ అయితే కొందరికి మళ్ళీ రాదు, ఆగి చూడొచ్చు.

ఆ మందు రిటుక్సిమాబ్ అయితే ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి, టీబీ పరీక్ష కూడా చేయిస్తారు. లోపల నిద్రపోతున్న హెపటైటిస్-బి ఈ మందుతో లేచి కూర్చుంటుంది. అజాథయోప్రిన్ అయితే పనిచేయడానికి నెలలు పడుతుంది, అందాకా స్టెరాయిడ్ బిళ్ళ సొంతంగా ఆపకూడదు. మొదట్లో వారం వారం రక్త కణాల లెక్క చూపించుకోవాలి. షాపువాడిగా గట్టిగా చెప్పేదొకటి: యూరిక్ యాసిడ్‌కని అల్లోప్యురినాల్ అడిగి కొనుక్కుపోయేవాళ్ళు రోజూ వస్తారు. అజాథయోప్రిన్‌తో అది కలిస్తే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఇంట్లో ఇంకొకరి డబ్బాలోది కూడా ముట్టొద్దు.

చెల్లి వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి రోజున తలలు తీయడానికి తనూ కూర్చునేది. ఇప్పుడు వద్దన్నాను. రొయ్య ముల్లు గుచ్చుకున్న చిన్న గాయంలోంచే ఉప్పునీటి సూక్ష్మజీవి చొరబడి, ఇమ్యూనిటీ తగ్గిన ఒంట్లో గంటల్లో పాకిపోగలదు. జ్వరం 100.4 దాటితే పారాసెట్మాల్‌తో సరిపెట్టకుండా ఆసుపత్రికే.

రోజూ బొట్టు పెట్టుకునేటప్పుడు ఒక్కో కన్నే మూసి కుంకుమ భరిణె చూడమన్నాను. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టు కనబడినా, కన్ను తిప్పితే నొప్పెట్టినా ఆరోజే ఫోన్ చేయాలి.

రిటుక్సిమాబ్ వయల్ బయట కొని తీసుకెళ్ళాల్సొస్తే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన వైపు ఐసుకి కరువేముంది! కానీ వయల్‌ని నేరుగా ఐసు మీద పెట్టకండి, గడ్డకడితే పారేయాల్సిందే. మధ్యలో మందపాటి అట్ట వేయండి.