తోబుట్టువు ఆసుపత్రిలో ఉంటే – మూడో పాఠం: ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాక

పోయిన పాఠంలో ఐసీయూ బయట ఉన్నప్పుడు డాక్టరును ఏమేం అడగాలో, నోటుపుస్తకంలో ఏం రాసుకోవాలో చూశాం. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేయకండి. ఈ వారం దాంతో ఇంకా ఎక్కువ పనుంది.

వార్డుకు మార్చారనగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. కావలి నుంచి, కోవూరు నుంచి చుట్టాలు పళ్లు పట్టుకుని బయల్దేరతారు. నిజానికి మంచం పక్కనుండే మనిషికి అసలు పని మొదలయ్యేది ఇప్పుడే. ఐసీయూలో సిస్టర్లు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటారు. వార్డులో ఒక్క సిస్టరే ఎంతోమందిని చూసుకోవాలి. నెల్లూరు దర్గామిట్టలోని పెద్దాసుపత్రి అయినా, ఒంగోలు రిమ్స్ అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఇది మామూలే. మిగతా గంటలన్నీ మన చేతుల్లోనే ఉంటాయి.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఒక్కటే: తమ్ముడు తనంతట తాను చేయగలిగింది తనచేతే చేయించడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది. అమ్మ మాత్రం ఈ పని చేయలేకపోతుంది. కొడుకు చెయ్యి వణుకుతుంటే చూడలేక చెంచా లాక్కుని తనే తినిపిస్తుంది. నాయన మొహం పక్కకు తిప్పుకుంటాడు. "లెయ్‌రా అబ్బయ్యా, ఇంకో నాలుగడుగులెయ్" అని గట్టిగా చెప్పే చనువు అక్కకో అన్నకో ఉంటుంది. చిన్నప్పటి నుంచీ పోట్లాడుకున్న తోబుట్టువులు మనం. ఆ చనువంతా ఇప్పుడు వాడాలి.

అంత పట్టుదల ఎందుకంటే, మంచాన పడ్డవాళ్ల కండ మనం అనుకునేదానికంటే చాలా తొందరగా కరిగిపోతుంది. 2013లో లండన్ డాక్టర్లు ఐసీయూ రోగుల తొడ కండను స్కానింగ్‌తో కొలిచి చూశారు. పది రోజుల్లో దాదాపు ఆరో వంతు తగ్గిపోయింది. అంచేత గ్లాసు ఎత్తలేకపోతే అది బద్ధకమని అనుకోవద్దు, "ప్రయత్నం చెయ్యవేందిరా" అని విసుక్కోవద్దు. నీళ్లు తాగొచ్చని డాక్టరు చెప్పాక, సగం నీళ్లున్న గ్లాసు ఇచ్చి, కింద మీ చెయ్యి ఆనించి, ఎత్తే పని మాత్రం వాడికే వదిలేయండి.

ఇప్పుడు లేపి నిలబెట్టడం. మొదటిసారి ఫిజియోథెరపిస్టో సిస్టరో దగ్గరుండాలి, డాక్టరు సరేననాలి. ముందు మంచం తలవైపు పైకెత్తి కాసేపు ఆగండి. తర్వాత పక్కకు తిప్పి కాళ్లు కిందికి దించండి. పాదాలు నేలకు ఆనాలి, గాల్లో వేలాడకూడదు. అలాగే రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, "కళ్లు తిరుగుతున్నాయా?" అని అడగండి. చాలా రోజులు పడుకున్న మనిషి గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కూలబడొచ్చు. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకంటే కిందే ఉండాలి. సెలైన్ పైపు ఎక్కడా లాగుతోందేమో చూసుకోవాలి. లేపేటప్పుడు చంకల్లో చేతులేసి లాగకండి, భుజం పట్టేస్తుంది. నడుం దగ్గర పట్టుకుని, లేచే బలం వాడి కాళ్ల నుంచే రానివ్వండి.

ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి ఉంటారు. దాన్ని బుడగ ఊదినట్టు ఊదేవాళ్లే ఎక్కువ. అది పీల్చే పరికరం. ముందు గాలి వదిలేసి, పెదాలు గట్టిగా మూసి, నెమ్మదిగా లోపలికి లాగాలి. బంతి లేచాక కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు చేయమంటారు. తల తిరిగితే ఆపి విశ్రాంతి ఇవ్వండి. ఎన్ని బంతులు లేచాయో పుస్తకంలో రాస్తే, ఎలా మెరుగవుతోందో వాడికే కనిపిస్తుంది.

రాత్రిపూట మాటలు తేడాగా ఉంటే హడలిపోకండి. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, సిస్టరు విషం ఇస్తోందంటారు, ఇంటికి పోతానని సూదులు పీకేస్తారు. గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లూ ఉంటారు. అది గాలి కాదు, ఈ స్థితిని డెలీరియం అంటారు. జబ్బుకూ, మందులకూ, నిద్ర లేకపోవడానికీ మెదడు గందరగోళపడటం అన్నమాట. డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అరవకుండా, పగలంతా పిలిచినా పలక్కుండా మత్తుగా పడి ఉండటం కూడా ఇందులో ఒక రకమే. నిద్రపోతున్నాడులే అని వదిలేస్తాం కాబట్టి ఇదే ఎక్కువగా కంటికి ఆనదు.

వాదించొద్దు. "నేను అక్కను. మనం నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాం. ఈరోజు మంగళవారం" అని నిదానంగా, ఎన్నిసార్లయినా చెప్పండి. కళ్లజోడు పెట్టండి, పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి. మీ ఇద్దరికే తెలిసిన సంగతులు తీయండి. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర జనంలో చెయ్యి పట్టుకుని ఆరోగ్యం రొట్టె కోసం తిరిగిన రోజు గుర్తుచేయండి. పరాయి గొంతుకంటే తెలిసిన గొంతు మనిషిని తొందరగా ఈ లోకంలోకి తెస్తుంది.

తిండి విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లకు మీరే అడ్డం నిలబడాలి. గొంతులో ఊపిరి గొట్టం ఉండి తీసినవాళ్లకు కొన్నాళ్లు మింగడం సరిగా రాకపోవచ్చు. నోటికి చప్పగా ఉందని పెద్దమ్మ చేపల పులుసు టిఫిన్ బాక్సులో తెస్తుంది. ప్రేమే, కాదనను. అయినా డాక్టరు సరేననేదాకా బాక్సు మూత తెరవొద్దు. మింగడం కష్టమైనవాళ్లకు గట్టి జావకంటే పలచటి నీళ్లే ఎక్కువ ప్రమాదం, సర్రున ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక దగ్గొచ్చినా, గొంతు గురగురమన్నా వెంటనే ఆపి సిస్టరును పిలవండి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు.

ఇంకొక్కటి. కాళ్లు నొప్పులంటే నూనె రాసి పిసుకుతాం. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని తాకొద్దు, డాక్టరుకు చూపించండి. లోపల రక్తం గడ్డ ఉంటే పిసికినప్పుడు కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన అభ్యాసం: రోజూ రాత్రి పుస్తకంలో రెండు వరుసలు రాయండి. వాడు ఈరోజు సొంతంగా చేసింది ఒకటి, మీరు చేసిపెట్టింది ఒకటి. మీరు చేసిపెట్టినవాటిలో ఏది రేపు వాడికి అప్పజెప్పొచ్చో గుర్తుపెట్టి, పొద్దున రౌండ్స్‌లో డాక్టరును అడగండి. మీ బదులు కూర్చునేవాళ్లకూ అదే పుస్తకం ఇచ్చి, మీరు ఇంటికెళ్లి పడుకోండి. నాలుగో పాఠంలో డిశ్చార్జి కాగితం చదవడం, మందుల వేళలు ఇంట్లో అమర్చుకోవడం చూద్దాం.