యాంటీబాడీ ముక్కలు, 4వ పాఠం: అతుక్కుంటే అడ్డుకున్నట్టేనా?

ఈసారి ఫేజ్ డిస్‌ప్లే (వైరస్‌ల మీద యాంటీబాడీ ముక్కలను నిలబెట్టి, బాగా అతుక్కునేవాటిని ఏరే పద్ధతి) మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం ప్రశ్నకు వచ్చిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. ప్రశ్న ఇదీ: ఒక నానోబాడీ (ఒంటె జాతి యాంటీబాడీ నుంచి తీసిన చిన్న ముక్క), కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్‌కి, అంటే రిసెప్టర్‌కి, 2 నానోమోలార్ కేడీతో (పట్టు బలానికి కొలత, ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి) అతుక్కుంటోంది. అది లైగాండ్‌ని, అంటే ఆ రిసెప్టర్‌కి అతుక్కుని సంకేతమిచ్చే అణువుని, ఆపుతుందా? దాదాపు అందరూ "ఆపుతుంది, కేడీ అంత బాగుంది కదా" అన్నారు. ఇచ్చిన వివరాలతో చెప్పలేం అన్నదే సరైన జవాబు. తప్పులో నాకూ వాటా ఉంది. మూడో పాఠమంతా కేడీ, కేడీ అని ఊదరగొట్టాను.

కేడీ ఎంత గట్టిగా పట్టుకుందో చెబుతుంది. ఎక్కడ పట్టుకుందో చెప్పదు. తాళం ఎంత గట్టిదైనా తలుపు పక్క గోడకి తగిలిస్తే లోపలికి వచ్చేవాడు వస్తూనే ఉంటాడు. హెర్2 అనే రిసెప్టర్‌నే చూడండి. ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందు దాని నాలుగో డొమైన్‌ని (డొమైన్ అంటే ప్రోటీన్‌లో ఒక భాగం), అంటే కణపొరకు దగ్గరి భాగాన్ని పట్టుకుంటుంది. పెర్టుజుమాబ్ పట్టుకునేది రెండో డొమైన్‌ని. హెర్2 పక్క రిసెప్టర్‌తో జత కట్టడానికి చాపే చెయ్యి ఉండేది అక్కడే. రెండూ బాగా అతుక్కునేవే, రెండూ మందులే. కానీ లైగాండ్ వచ్చినప్పుడు హెర్3 అనే సోదర రిసెప్టర్‌తో జత కట్టకుండా బాగా ఆపేది పెర్టుజుమాబ్.

అసలు ముక్కలెందుకు, మొత్తం యాంటీబాడీనే వాడొచ్చు కదా అని కొందరు అడిగారు. మొత్తం యాంటీబాడీకి రెండు చేతులుంటాయి. రెండు రిసెప్టర్లను దగ్గరికి లాగి, మనం ఆపాలనుకున్న సంకేతాన్ని అదే ఇచ్చేయొచ్చు. మెట్ రిసెప్టర్‌తో ఈ తలనొప్పి ఉండబట్టే ఒనార్టుజుమాబ్ అనే యాంటీబాడీని ఒకే చెయ్యి ఉండేలా తయారుచేశారు.

అడ్డుకోవడం తేల్చాలంటే పోటీ పెట్టాలి. రంగు తగిలించిన లైగాండ్ మోతాదు మారకూడదు. ముక్క మోతాదు పెంచుతూ పోయి, కణాల మీద మిగిలిన రంగుని ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణం మీది రంగుని కొలిచే యంత్రం) చూడాలి. కడగడం, మంచు మీద ఉంచడం మీకు తెలిసినవే. కణాలను పెంచిన పాత్ర నుంచి ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో మాత్రం లేపకండి, కొన్ని ఉపరితల ప్రోటీన్లను అది కోసేస్తుంది. నేనైతే ప్రోటీన్లను కోయకుండా కణాలను విడదీసే ఈడీటీఏ అనే రసాయనాన్నే వాడతాను.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. "మైక్రోగ్రాముకి మైక్రోగ్రాము పోల్చాను, నానోబాడీయే గెలిచింది" అని రాస్తారు. గెలవక ఏం చేస్తుంది? పూర్తి ఐజీజీ (మామూలు మొత్తం యాంటీబాడీ) 150 కిలోడాల్టన్లు (అణువు బరువు కొలత), నానోబాడీ 15. ఒకే బరువు తీసుకుంటే నానోబాడీ అణువులు పది రెట్లు ఎక్కువ. నా అడ్డదారి: 1000ని కిలోడాల్టన్లతో భాగిస్తే మి.లీ.కి 1 మైక్రోగ్రాము ఎన్ని నానోమోలార్లో వస్తుంది. ఐజీజీకి 6.7, ఫ్యాబ్‌కి (యాంటీబాడీ ఒక చెయ్యి, 50 కిలోడాల్టన్లు) 20, ఎస్‌సీఎఫ్‌వీకి (ఆ చేతి కొస మాత్రమే, 27 కిలోడాల్టన్లు) 37, నానోబాడీకి 67. ఐజీజీకి రెండు చేతులు కాబట్టి దాని పట్టు స్థానాలు 13.3 అవుతాయి. అప్పుడు కూడా తేడా ఐదు రెట్లు. అంటే ముక్క గొప్పేమీ లేకుండానే గ్రాఫ్ అయిదు రెట్లు పక్కకి జరుగుతుంది. గ్రాఫ్ అడుగు గీతని నానోమోలార్లలో గీయండి. మిగతా తప్పులు ఓర్చుకుంటాను, దీన్ని ఓర్చుకోలేను.

సగం రంగు తగ్గించిన మోతాదు ఐసీ50. లైగాండ్ ఎక్కువ పోస్తే అదీ పెరుగుతుంది కాబట్టి దాన్ని సరిచేసి కేఐ (లైగాండ్ మోతాదు ప్రభావం తీసేశాక ముక్క అడ్డుకునే బలం) లెక్కించాలి: కేఐ = ఐసీ50 ÷ (1 + లైగాండ్ గాఢత ÷ లైగాండ్ కేడీ). రెండూ ఒకే చోటికి పోటీ పడి, సమతుల్యతకు వచ్చినప్పుడే ఈ లెక్క చెల్లుతుంది.

అభ్యాసం: లైగాండ్ కేడీ 2 నానోమోలార్. లైగాండ్‌ని ఒకసారి 2, ఇంకోసారి 18 నానోమోలార్ వాడారు. క ముక్కకి ఐసీ50 వరసగా 10, 50 నానోమోలార్ వచ్చింది. ఖ ముక్కకి రెండుసార్లూ 12. గ ముక్క ఎంత పోసినా రంగు 40 శాతం కంటే దిగలేదు. సూత్రం ఎవరికి వాడొచ్చు? వాడగలిగినచోట కేఐ ఎంత? గ విషయంలో కనీసం రెండు కారణాలు రాసి, వాటిని వేరుచేసే ఒక్క ప్రయోగం చెప్పండి. ఆ రిసెప్టర్ అసలు లేని కణాలు మీ దగ్గర ఉన్నాయనుకోండి.