కండరాల జబ్బులు గుర్తుపట్టడం – 3వ పాఠం: నేల మీంచి లేచే తీరు

పోయిన పాఠంలో నీరసానికీ బలహీనతకీ తేడా చూశాం. నీరసంగా ఉన్నవాడు ఆయాసపడుతూనైనా మెట్లెక్కుతాడు. కండరంలో బలం తగ్గినవాడు ఎంత ప్రయత్నించినా కాలు పైమెట్టుకు అందదు. ఈసారి ముందుగా రక్తపరీక్ష వద్దు, నరాల స్పందన చూసే సుత్తి వద్దు, కళ్లు చాలు.

ఐదారేళ్ల పిల్లవాణ్ణి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి లేవమనండి. చెయ్యి అందించకండి, తొందరపెట్టకండి. మామూలు పిల్లాడైతే ఒక్క ఉదుటున లేచి పరుగెడతాడు. తుంటి, తొడ కండరాల్లో బలం లేనివాడు ముందు బోర్లా తిరుగుతాడు. చేతులు, కాళ్లు నేలకు ఆన్చి నడుం పైకెత్తుతాడు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి తొడ మీద వేసి నొక్కుకుంటూ, తన ఒంటి మీద తానే ఎగబాకినట్టు లేస్తాడు. దీన్నే గోవర్స్ సైన్ అంటారు. మూడేళ్ల లోపు పిల్లలు బోర్లా తిరిగి లేవడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇది చూడగానే 'డూషెన్ డిస్ట్రఫీ' (జన్యులోపం వల్ల కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు) అని రాసేయడం కొత్తవాళ్లు చేసే తప్పు. బలం ఎక్కడ తగ్గిందో మాత్రమే ఈ గుర్తు చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. వెన్నుపాములోని నరకణాలు దెబ్బతినే స్పైనల్ మస్క్యులర్ అట్రఫీలోనూ పిల్లలు ఇలాగే లేస్తారు.

అందుకే పిక్కలు పట్టి చూడండి. డూషెన్‌లో అవి లావుగా, రబ్బరులా గట్టిగా తగులుతాయి. ఇంట్లోవాళ్లు 'కాళ్లు ఎంత దిట్టంగా ఉన్నాయో' అని మురిసిపోతుంటారు. నిజానికి అక్కడ కండ పోయి కొవ్వు, పీచు చేరుతున్నాయి. సుత్తి వద్దన్నాను గానీ, ఇప్పుడు తీయండి. మడమ దగ్గర రిఫ్లెక్స్ (సుత్తితో తట్టగానే పాదం తనంతట తాను కదలడం) డూషెన్‌లో చాలాకాలం నిలుస్తుంది. స్పైనల్ అట్రఫీలో సాధారణంగా రిఫ్లెక్సులు తగ్గిపోతాయి, లేదా అసలు రావు.

ఆ తర్వాతే సీపీకే పరీక్ష, అంటే దెబ్బతిన్న కండరం నుంచి రక్తంలోకి వచ్చే ఎంజైము ఎంతుందో చూడటం. డూషెన్‌లో అది మామూలు కంటే పది రెట్లు దాటి, ఒక్కోసారి వంద రెట్ల దాకా పోతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షల ఎంజైములు కండరం నుంచీ వస్తాయి. ఈ సంగతి మర్చిపోయి పిల్లవాణ్ణి నెలల తరబడి లివర్ పరీక్షలకు తిప్పడం నాకు బాగా కోపం తెప్పించే పొరపాటు. ఆ రెండూ పెరిగి, జీజీటీ (కండరం నుంచి రాని లివర్ ఎంజైము) మామూలుగా ఉంటే సీపీకే అడగండి.

వచ్చే పాఠంలోపు ఐదుగురు పెద్దవాళ్లను చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమనండి. ఎవరి చేతులు విడిపోయాయో, ఎవరు ముందుకు ఊగి లేచారో రాసిపెట్టుకోండి.